నీటిలోని నిప్పు : ఐరోపాఖండమున హరితోదజని వ్యాపారము



నెల దినముల క్రిందట మా యూరి రచ్చబండకడ నొక పెద్ద నన్ను నిలిపి యిట్లడిగెను. "పంతులుగారూ! నీళ్ళలోనుండి నిప్పు తీయుదురఁట. దానిని ఓడలకెక్కించి సీమకుఁ బంపుదురఁట. పత్రికలో వ్రాసినారు. ఇది నిజమేనా? లేక మన భూములకొఱకు ఎవరైనఁ బన్నిన మాటయా?"

నేను భాషాపండితుఁడను. ముప్పదియేండ్లకుఁ బైఁగా బాలురకు సంధులును సమాసములును జెప్పి విశ్రాంతిఁ గైకొన్నవాఁడను. రసాయనశాస్త్రము నా విద్య గాదు. కావున నాఁడు బదులు చెప్పఁజాలనైతిని. ఇల్లు చేరి యీ విషయమును గుఱించి చదివితిని, తెలిసినవారి నడిగితిని, కాగితముమీఁద లెక్కలు వేసికొంటిని. ఆ పెద్దకు నీయవలసిన బదులే నేఁటి నా ప్రసంగము. ఈ వ్యాపారము మొదట ఐరోపాఖండమున బలిసినది గావున అచ్చటి కథనే ముఖ్యముగాఁ జెప్పెదను.

మొదట పేరును విచారింతము. ఇప్పటివారు హైడ్రోజన్ అనుదానిని మన పాతపుస్తకములు ఉదజని యనినవి. ఉదకమును జనింపఁజేయునది గావున ఉదజని. గ్రీకుమూలమునకును అర్థ మిదియే. 1766లో ఇంగ్లండున హెన్రీ కావెండిష్ అను పండితుఁడు ఈ వాయువును వేఱుగా గుర్తించి మండెడు గాలి యని వర్ణించెను. పిమ్మట ఫ్రాన్సున లవాజియే యనునాతఁడు, నీరు మూలపదార్థము గాదనియు, ఉదజని ప్రాణవాయువుతోఁ గలియఁగా నీరు పుట్టుననియు నిరూపించి యీ పేరిడెను. కలిసినవానిని విడఁదీయుట 1800లో జరిగినది. నికల్సను, కార్లైలు అను నిరువురు లండనులో నీటిలోనికి విద్యుత్తును బంపి, ఒకకొనను ఉదజనియు, వేఱొకకొనను ప్రాణవాయువును బుడగలుగా వెడలుటఁ గనిరి.

మన పురాణములలో సముద్రగర్భమున మండు బడబాగ్ని కథ యున్నది. వేదమునందు జలములకు శిశువైన యగ్ని కలఁడు. వీనినిబట్టి మన పూర్వులకు ఉదజని తెలిసియుండెనని వాదించుట సాహసమగును, నేనట్లు వాదింపను. నీటికిని నిప్పునకును వైరమే కాక చుట్టఱికము కూడఁ గలదని వారు భావించిరని మాత్రము చెప్పవచ్చును.

మా పాఠశాలలో విజ్ఞానశాస్త్రోపాధ్యాయుఁ డొకఁ డుండెడివాఁడు. ఆయన తుత్తునాగపు ముక్కలపై ఆమ్లము పోసి, పుట్టిన వాయువును గాజునాళికలోఁ బట్టి, మూతికడ నగ్గిపుల్ల చూపెడివాఁడు. టప్పున శబ్దమగును, పిల్లలు కేరింతలు కొట్టుదురు. ఒకనాఁడు నన్నుఁ బిలిచి, "పండితులవారూ, శబ్దమును వినుటకాదు, నాళికలోపలఁ జూడుఁడు" అనెను. లోపల సన్నని నీటిచెమ్మ పట్టియుండెను. పొగ లేదు, మసి లేదు, బూడిద లేదు. మండినది వాయువు, మిగిలినది నీరు. నేఁడు ఐరోపావారు కోట్లకొలఁది ధనము వెచ్చించుట ఆ చెమ్మకొఱకే యని చెప్పినఁ దప్పులేదు.

అయినచోఁ జిక్కెక్కడ? ఉదజని బొగ్గువలె విరివిగాఁ ద్రవ్వి తీయఁదగినది గాదు, దేనినుండియైన విడఁదీయవలయును. ప్రపంచమున నేఁడు ఏఁటికి సుమారు 10 కోట్ల టన్నుల ఉదజని వాడుకలో నున్నది. చమురుశుద్ధి కర్మాగారములకును, ఎరువులకు మూలమగు అమోనియాకును అది యత్యవసరము. కాని యిందులో మిక్కిలి భాగము ప్రకృతివాయువునుండియు బొగ్గునుండియు తీయఁబడుచున్నది. ప్రకృతివాయువునుండి కిలో ఉదజని తీయునపుడు తొమ్మిది పది కిలోల బొగ్గుపులుసుగాలి యాకాశమున కెక్కును. చివర మసి లేదుగాని మొదటనే మసి యున్నదన్నమాట. దీనిని వ్యాపారులు బూడిదవన్నె ఉదజని యందురు. గాలిమరలు, సూర్యఫలకలు పుట్టించు విద్యుత్తుతో నీటిని విడఁదీసి తీసినదానికి హరితోదజని యని పేరు. వాయువునకు రంగు లేదు; రంగు దాని పుట్టుకను దెలుపునది మాత్రమే.

ఇది క్రొత్తవిద్య యని తలఁపవలదు. నార్వేదేశమున ర్యూకన్ అను లోయలో గొప్ప జలపాతము గలదు. అచ్చట వెమోర్క్ అనుచోట 1911లో జలవిద్యుత్కేంద్రమును నెలకొల్పిరి. 1929 మొదలు ఆ విద్యుత్తుతో నీటిని విడఁదీసి, ఉదజనిని గాలిలోని నత్రజనితోఁ గూర్చి ఎరువు చేసిరి. భారజలముకొఱకు రెండవ ప్రపంచయుద్ధమునఁ బ్రసిద్ధి కెక్కిన కర్మాగార మిదియే. నాలుగు దశాబ్దములకుఁ బైఁగా నడచి 1971లో అచ్చటి నీటి విభజన నిలిచిపోయినది. జలపాత మెండలేదు, యంత్రము చెడలేదు. చమురు, ప్రకృతివాయువుల మూలమున ఉదజని చౌకగా దొరకుటచే ఈ విధము పోటీకి నిలువలేకపోయినది. ఈ సంగతిని మనస్సున నుంచుకొనుఁడు. తక్కిన కథకంతయు నిదియే తాళపుచెవి.

మఱి విడిచినదానిని మరల నేల పట్టిరి? రెండు కారణములు. మొదటిది భూగోళము వేఁడెక్కుట. 2050 నాఁటికి బొగ్గుపులుసుగాలిని లెక్కకు శూన్యము చేయుదుమని ఐరోపాసమాఖ్య శాసనము చేసికొన్నది. 2020 జూలైలో ఉదజనిని గుఱించి ప్రత్యేక ప్రణాళికను బ్రకటించినది. రెండవది యుద్ధము. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయినుపై దండెత్తఁగా, రష్యావాయువుపై నాధారపడిన జర్మనీ మొదలగు దేశములకుఁ గాళ్ళక్రింది నేల కదలినట్లయ్యెను. ఆ మే నెలలోనే సమాఖ్య తన సంకల్పమును బెంచినది. 2030 నాఁటికి ఏఁటికి కోటిటన్నుల హరితోదజనిని స్వయముగాఁ దీయుటయు, వేఱొక కోటిటన్నులు పరదేశములనుండి తెచ్చుకొనుటయు ఆ సంకల్పము.

సంకల్పము గొప్పదే. కాని 2024 జూలైలో సమాఖ్య లెక్కలఁ దనిఖీచేయు సంస్థయే తన నివేదికలో ఈ లక్ష్యములు మితిమీరినవనియు, గట్టి పరిశీలనపైఁ గాక రాజకీయ సంకల్పముపై నిలిచినవనియు, నెఱవేఱు జాడ కానరాదనియు, వాస్తవమును సరిచూచుకొనవలయుననియు స్పష్టముగాఁ జెప్పినది. తమ ధనికునకే తమ కరణము ఇట్లు చెప్పఁగలుగుట మెచ్చఁదగిన గుణము.

ఎందుల కిట్లయ్యెను? లెక్క చూతము. కిలో ఉదజని తీయుటకు సుమారు 55 యూనిట్ల విద్యుత్తు కావలయును. యూనిటు 6 యూరోసెంట్లకు దొరకిన ననుకొనుఁడు. విద్యుత్తునకే 3 యూరోలు దాఁటును. యంత్రము, వడ్డీ, జీతములు వేఱు. గాలి వీఁచునప్పుడును ఎండ కాయునప్పుడును మాత్రమే నడచు యంత్రము తక్కిన కాలమున ఊరక కూర్చుండును గావున దాని ఖర్చు ప్రతి కిలోపై మఱింత బరువగును. ఇందుచే హరితోదజని వెల బూడిదవన్నెదాని వెలకు రెండు మూఁడు రెట్లగుచున్నది; కొన్నిచోట్ల నంతకు మించుచున్నది.

ఈ తేడాను బూడ్చుటకు ఐరోపావారు ఒక యుపాయము పన్నిరి. దానికి ఐరోపా ఉదజని బ్యాంకు అని పేరు. మనము ధాన్యపు డబ్బు దాఁచుకొను బ్యాంకువంటిది గాదు. ఇది తిరుగుడు వేలము. మన సంతలో నెక్కువ పాడినవానికి సరకు దక్కును. ఇచ్చట కిలోకు తక్కువ సాయము కోరినవానికిఁ బాట దక్కును. 2024 ఏప్రిలులో వెల్లడియైన మొదటి వేలమున 132 మంది పాడిరి. ఏడు పథకములు గెలిచినవి. వారు కోరిన సాయము కిలోకు 37 మొదలు 48 సెంట్లు మాత్రమే. మొత్తము సుమారు 72 కోట్ల యూరోలు, పదేండ్లపాటు. ముఖ్యమైన సంగతి యేమనఁగా, ఉదజనిని నిజముగాఁ దీసిన పిదపనే యీ సొమ్ము చేతికి వచ్చును. శిలాఫలకము నాటినందుకు రాదు. ఆ యేడింటిలో నొకటి యొడంబడిక వ్రాయకయే విరమించుకొన్నది. 2025 మే నెలలో రెండవ వేలము ఫలితములు వెలువడఁగా 15 పథకములు ఎన్నికయైనవి.

ఇంకొక సూక్ష్మము గలదు. బొగ్గువిద్యుత్తుతో నీటిని విడఁదీసిన నేమగును? బొగ్గువిద్యుత్తు యూనిటునకు సుమారు కిలో బొగ్గుపులుసుగాలి పుట్టును. 55 యూనిట్లకు ఏఁబది కిలోలకు దగ్గఱ. ప్రకృతివాయువునుండి తీసినపుడు పది కిలోలే గదా! అనఁగా పచ్చరంగు పూసి అయిదురెట్లు మసి చేసినట్లగును. పాలలో నీళ్ళు కలిపి చిక్కనిపాలని యమ్ముటకన్న నిది పెద్దమోసము. ఇందుకై 2023లో సమాఖ్యవారు నిబంధన లేర్పఱచిరి. ఉదజనికి వాడు విద్యుత్తు సాధారణముగాఁ గ్రొత్తగా నెలకొల్పిన గాలిమరలనుండియో సూర్యఫలకలనుండియో రావలయును. తీసిన విద్యుత్తునకును వాడిన విద్యుత్తునకును 2029 ముగియుదాఁక నెలవారీగాను, ఆపై గంటవారీగాను లెక్క కుదురవలయును. నిబంధన లింత బిగువైన వెల పెరుగునని వ్యాపారులు మొఱపెట్టుచున్నారు. వారి మొఱయందు నిజము లేకపోలేదు. అయినను లెక్క సడలించినచో పేరే అబద్ధమగును.

ఇఁక నిజముగా జరిగిన పనులను జూతము. స్పెయినుదేశమున ప్వెర్తొయానో అను గనులపట్టణమున 2022లో 20 మెగావాట్ల విభజనయంత్రము ఎరువుల కర్మాగారముకొఱకుఁ బ్రారంభమైనది. నార్వేలో హెరోయా అనుచోట 2024లో 24 మెగావాట్ల యంత్రము నెలకొల్పి, దానినుండి అమోనియాయు ఎరువును జేయుచున్నారు. ర్యూకన్ నాఁటి పాతవిద్య యట్లు స్వదేశమునకు మరలివచ్చినది. స్వీడనున లూలియో నగరమున ఇనుపరాతినుండి లోహమును విడఁదీయుటకు బొగ్గునకు మాఱుగా ఉదజనిని వాడి, 2021లో ఆ యుక్కును మోటారుబండ్ల కర్మాగారమున కందఁజేసిరి. బొగ్గుకొలిమిలో టన్ను ఉక్కునకు సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసుగాలి పుట్టును. ఉదజనితో నైనచో ఇనుపరాతినుండి వెడలునది నీటియావిరి.

నా మనస్సున కన్నిటికన్న నచ్చినది డెన్మార్కునందలి కాసో గ్రామము. అచ్చట 2025 మే నెలలో మెథనాలు కర్మాగారమును దెఱచిరి. ప్రక్కనే విశాలమైన సూర్యఫలకల క్షేత్రము గలదు. ఆ విద్యుత్తుతో ఉదజని తీయుదురు. పేడ మొదలగువానిని మురుగఁబెట్టి వాయువు తీయు శాలనుండి వెడలు బొగ్గుపులుసుగాలిని దానితోఁ గూర్చి మెథనాలు అను ద్రవమును జేయుదురు. ఏఁటికి 42,000 టన్నుల వఱకు చేయుటకు ఏర్పాటు గలదు. ఉదజనిని నిలువచేయుట కష్టము. కిలో వాయువు సాధారణస్థితిలో పదునొకండు ఘనపుమీటర్లకు మించిన చోటు నాక్రమించును, ద్రవము చేయవలసినచో సున్నకు దిగువ 253 డిగ్రీల చలి కావలయును. మెథనాలైనచో మామూలు తొట్టిలోఁ బోసి నిలువచేయవచ్చును. కర్మాగారమున మిగిలిన వేఁడిని సమీపగృహములకు శీతకాలమునఁ బంపుదురు. వీటికన్నిటికంటె ముఖ్యము, కొనువారు ముందే కుదిరిరి. ఓడల వ్యాపారులు మేర్స్క్ వారొకరు. పిల్లల యాటవస్తువులు చేయు లెగో వారొకరు. ఔషధములు చేయు నోవో నార్డిస్క్ వారొకరు.

కొనువాఁడు లేనిచో నేమగునో చూడుఁడు. స్వీడనులో ఓర్న్‌షోల్డ్స్‌విక్ అనుచోట నిట్టి మెథనాలు కర్మాగారమునే ఓర్‌స్టెడ్ అను డెన్మార్కు సంస్థవారు కట్టుట కారంభించి, తగిన ధరకు దీర్ఘకాలపు కొనుగోలుదారులు దొరకకపోవుటచేతను ఖర్చు పెరుగుటచేతను, 2024 ఆగస్టులో విడిచివేసిరి. 2025 జూనులో ఆర్సెలర్‌మిత్తల్ వారు జర్మనీలోని రెండు ఉక్కుకర్మాగారములను ఉదజనికి మార్చు పథకమును మానుకొనిరి. ప్రభుత్వము 130 కోట్ల యూరోల సాయ మీయఁబూనినను గిట్టదని తేల్చుకొనిరి. మఱొకవైపు జర్మనీవారు 2032 నాఁటికి 9,040 కిలోమీటర్ల ఉదజని గొట్టపుదారులకు 2024 అక్టోబరులో అనుమతి యిచ్చిరి. అందు సగమునకుఁ బైఁగా పాతవాయువు గొట్టములనే మార్చెదరు. కాలువ త్రవ్వుట ముందా, నీరు వచ్చుట ముందా యను పాతసందేహమే అచ్చటను గలదు.

ఉదజని యన్నిటికిని మందు గాదని కూడ వారు నేర్చుకొనుచున్నారు. నూఱుపాళ్ళ విద్యుత్తును ఉదజనిగా మార్చి, మరల బండిలో విద్యుత్తుగా మార్చినచో మిగులునది ముప్పదిపాళ్ళ ప్రాంతము. అదే విద్యుత్తును బ్యాటరీలో నింపినచో డెబ్బదిపాళ్ళకుఁ దక్కువ గాకుండ చక్రమునకుఁ జేరును. కావున చిన్నబండ్లకును, ఇండ్లు వెచ్చఁజేయుటకును ఉదజనిని వాడుట గంగాజలముతో వాకిలి కడిగినట్లు. విద్యుత్తు నేరుగాఁ జేయలేని పనులకే అది తగును: ఎరువు, ఉక్కు, దూరపుటోడలు, విమానములు. అందుచే ఐరోపావారు శాసనములచేఁ గొనువానిని బుట్టించుచున్నారు. పరిశ్రమలు వాడు ఉదజనిలో 2030 నాఁటికి నూఱింట 42 పాళ్ళు ఇట్టి నూతనశక్తులనుండి రావలయునని 2023లో విధించిరి. విమానపు ఇంధనములో ఉదజనిమూలకమైన కృత్రిమ యింధనము 2030 మొదలు కొంతపాలు కలియవలయునని విధించిరి.

ఇచ్చటనే మన తీరము ప్రసక్తమగును. ఐరోపావారు సగము పరదేశములనుండి తెచ్చుకొందుమనిరి గదా! ఉదజనిని అమోనియాగా మార్చినచో సున్నకు దిగువ 33 డిగ్రీలకే ద్రవమగును, ఓడకెక్కించుట సులువు. మన ప్రభుత్వము 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరితోదజని కార్యక్రమమును అంగీకరించినది. కాకినాడలో ఏఁటికి పదిలక్షల టన్నుల హరిత అమోనియా చేయు కర్మాగారమునకు ఏఎం గ్రీన్ సంస్థవారు 2024 ఆగస్టులో పెట్టుబడి నిశ్చయము చేసిరి. విశాఖకు సమీపమున పూడిమడకకడ ఎన్‌టీపీసీవారి ఉదజని కేంద్రమునకు 2025 జనవరిలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి.

మా యూరి పెద్ద భయము నీటిని గుఱించి. లెక్క వేసితిని. పదిలక్షల టన్నుల అమోనియాలో ఉదజని సుమారు లక్షా డెబ్బదియైదువేల టన్నులు. కిలో ఉదజనికి తొమ్మిది లీటర్ల నీరు. అనఁగా ఏఁటికి పదునాఱు లక్షల ఘనపుమీటర్లు. ఎకరము వరి యొక పంటకు సుమారు ఐదువేల ఘనపుమీటర్లు త్రాగును గావున, ఇది మున్నూఱుచిల్లర యెకరముల వరినీరు. శుద్ధికిని చల్లార్చుటకును మూఁడురెట్లు వేసికొన్నను వేయి యెకరములు. ఏఱు లేనిచోట నిది పెద్దమాటయే. గోదావరి తీరమున నంత భయపడవలసినది గాదు. కాని విద్యుత్తు మాట వేఱు. ఇంత ఉదజనికి ఏఁటికి తొమ్మిదివందల యేఁబదికోట్ల యూనిట్లకు మించి కావలయును. అంతయు సూర్యఫలకలనుండియే తీయవలసినచో ఇరువదివేల యెకరములకుఁ బైఁగా భూమి కావలయును. గాలిమరలు చేరినచోఁ గొంత తగ్గును. అనఁగా ఈ వ్యాపారమున నసలు ప్రశ్న నీరు గాదు, నేల. ఆ నేల సముద్రతీరమునఁ గాక ఎక్కడో మెట్టసీమలలో నుండును. అచ్చటి రైతునకుఁ దన భూమి ఏ సరకున కుపయోగపడుచున్నదో, ఆ సరకు ఎవ్వరు కొందురో తెలియకపోవచ్చును.

కావున పెద్దలారా, మీ గ్రామమునకు ఎవరైన వచ్చి కౌలునకో క్రయమునకో భూమి నడిగినచో కోపింపవలదు, మురిసిపోవలదు. ఐరోపావారు ధనము వెచ్చించి నేర్చుకొన్న ప్రశ్నలను మనము ఊరకయే అడుగవచ్చును. సరకు కొనువాఁడెవ్వఁడు, ఎన్నియేండ్లకు వ్రాసి యిచ్చినాఁడు? నీ రెచ్చటినుండి తెత్తురు? పథకము నడుమ నిలిచినచో భూమి మరల ఎవరిది, ఏ స్థితిలో నప్పగింతురు? కౌలుపైకము కర్మాగారము నడచినను నడవకున్నను అందునా? ఈ నాలుగింటికి బదులు కాగితముమీఁద నుండవలయును. చెప్పినవాఁడు మంచివాఁడే కావచ్చును. కాని ఓర్న్‌షోల్డ్స్‌విక్కున పని యారంభించినవారును మంచివారే.

ఈ నడుమ ఆ పెద్దను మరలఁ గలిసికొని యిదియంతయుఁ జెప్పితిని. సాంతముగా విని యాయన, "అయితే పంతులుగారూ, నిప్పు నిజమే, బేరమే యింకను కుదురవలె నన్నమాట" అనెను. నేను ఇన్ని పుటలు చదివి తెలిసికొన్నదానిని ఆయన యొకమాటలోఁ దేల్చెను. మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయుఁడు గాజునాళికలో నాకుఁ జూపిన చెమ్మను ఆయనకు నేను జూపఁజాలనైతిని. అది మాత్రమే కొఱఁత. గ్రామమందలి పాఠశాలలో నేఁటికిని ఆ ప్రయోగమును జేయుదురు. ఒకపూఁట తీఱిక చేసికొని, పిల్లల వెనుక నిలిచి, మీరును జూచి రండు.

సెలవు.